మేస్త్రి ఇంట్లో మేష్టారు

ఏఎన్నెమ్ నీరజ ఫోనులో చెప్పింది ఇదీ: నరసరావుపేట డీఅడిక్షన్ సెంటర్లో బెడ్డు ఖాళీ అయింది, రేపు పొద్దున్నే పిల్లాణ్ణి తీసుకుని రండి. రోశమ్మ విన్నది ఇదీ: నరసరావుపేట డీయెడ్డులో సీటు ఖాళీ అయింది, రేపు పొద్దున్నే పిల్లాణ్ణి తీసుకుని రండి. బెడ్డుకీ డీయెడ్డుకీ మధ్య ఆసుపత్రికీ బడికీ ఉన్నంత దూరముంది. చెవికి మాత్రం రెండూ పక్కపక్క ఇళ్లే.

రోశమ్మకు డెబ్బై దాటాయి. కుడి చెవి ఎప్పుడో రిటైరైంది. ఎడమ చెవి పార్ట్‌టైము, అదీ ఇష్టమైన మాటలకే డ్యూటీ ఎక్కుతుంది. కోడలు నాగవేణి పంపు దగ్గరికి పోయినప్పుడు ఫోను మోగింది కాబట్టి ఆవిడే ఎత్తింది. డీయెడ్డేనా తల్లీ అని ఒకటికి రెండుసార్లు అడిగింది కూడా. బెడ్డేనమ్మా, బెడ్డే అని అవతల నీరజ రెండుసార్లూ చెప్పింది. అట్లా ఒకరి మాట ఒకరు ఖాయం చేసుకున్నారు. నాగవేణి బిందె ఎత్తుకుని వచ్చేలోపు రోశమ్మ పంచదార డబ్బాతో వీధిలోకి దిగి, ఎనిమిదిళ్లలో చిటికెడు చిటికెడు చేతుల్లో పోసి, మనవడు కోటిబాబు పంతులు కాబోతున్నాడని చెప్పేసింది.

మాచర్ల శివారులో, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల వెనక ఉంటుంది ఆ కాలనీ. అక్కడి మగాళ్లు రాళ్లు కోస్తారు, మోస్తారు, నున్నగా చేస్తారు. వాళ్లు నున్నగా చేసిన బండల మీద ఎక్కడెక్కడో ఎవరెవరో జారిపడుతుంటారు. పిల్లలు టెన్త్ దాటితే గొప్ప, ఇంటర్ దాటితే ఫ్లెక్సీ. అలాంటి చోట ఒకడు డీయెడ్డు దాకా పోయాడంటే ఆ పంచదార చిటికెడే అయినా చాలామంది నోళ్లు తీపెక్కాయి.

కోటిబాబు తండ్రి బ్రహ్మాజీ ఆ సాయంత్రం ఆరింటికి టీవీఎస్ మీద ఇంటికొస్తున్నాడు. ఇరవై రెండేళ్లు పాలిష్ మిషను తోలిన చేతులాయనవి. మిషను ఆగినా వాటి వణుకు ఆగదు. వేళ్లు తనవిలా ఉండవు, ఎవరో వాడుకోమని ఇచ్చిపోయినట్టుంటాయి. ఇప్పుడు మేస్త్రి అయ్యాడు గనక మిషన్ని తోలడం తగ్గి మనుషుల్ని తోలడం ఎక్కువైంది. కాలనీ మొదట్లో టీకొట్టు దగ్గర మౌలాలీ బండికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన కూడా అదే ఫ్యాక్టరీలో రాళ్లు కోస్తాడు.

"ఏంది మేస్త్రీ, ఇంత మంచి కబురు కడుపులో దాచుకున్నావు? మేస్త్రి ఇంట్లో మేష్టారు తయారైతే టీ అన్నా తాపించవా?"

అమ్మ ఏం విందో బ్రహ్మాజీకి వెంటనే అర్థమైంది. ఆ బెడ్డు కోసం ఆయన పదకొండు రోజులుగా ఎదురుచూస్తున్నాడు మరి. కాదని చెప్పడానికే నోరు తెరిచాడు. అందులోంచి "అవును" అని వచ్చింది. తిమ్మిరెక్కిన చేతిలోంచి గ్లాసు జారినట్టు జారింది. కావాలని వదిలింది కాదు. పట్టుకోలేకపోయాడు, అంతే.

ఇంట్లో కోటిబాబు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పద్దెనిమిదేళ్లవాడు. ఇంటర్ గట్టెక్కాడు గానీ ఆ గట్టు మీద నిలబడలేదు. నెల క్రితం బస్టాండు వెనక పడి ఉంటే ఎవరో ఆటోలో తెచ్చి దించిపోయారు. వడదెబ్బ అని చెప్పుకున్నారు ఇంటివాళ్లు. పల్నాట్లో మే నెలలో వడదెబ్బ అంటే ఎవరూ సర్టిఫికెట్ అడగరు. వడదెబ్బ మనిషిని చూద్దామని ఓఆర్ఎస్ పొట్లాలతో వచ్చిన నీరజ, ఐదు నిమిషాలు పిల్లాడి కళ్లలోకి చూసి, పొట్లాలు మళ్లీ సంచీలో పెట్టుకుంది. ఇది ఉప్పూ పంచదారలతో తగ్గేది కాదని నాగవేణితో చెవిలో చెప్పింది. మందుబిళ్లలని చెప్పింది, అంతకుముందు ఇంకేవో పీల్చి ఉంటాడని చెప్పింది.

"అవునన్నావా?" అని అడిగింది నాగవేణి పొయ్యి దగ్గర్నుంచే.

"అన్నా."

"పోనీలే," అంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కించడానికి కాలనీలో సగంమంది వచ్చారు. ఎదురింటి వనజ ఎర్ర పెన్ను తెచ్చి కోటిబాబు జేబుకి పెట్టింది, మేష్టారికి దిద్దడానికి ఉండాలి గదా అని. వనజ బట్టలు కుడుతుంది. భర్త నాలుగేళ్ల క్రితం వెల్దుర్తి పక్క క్వారీలో రాయి కింద పోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు, ఆనంద్ బాబు, ఎనిమిదో తరగతి. వాడు కోటిబాబు బ్యాగు మోసి బస్సులో పెట్టాడు. సెంటర్లో అడుగు పెట్టగానే అక్కడి మనిషి బ్యాగు వెతికి, గుచ్చుకునే వస్తువులు లోపలికి పనికిరావని ఆ పెన్ను తీసి బ్రహ్మాజీ చేతిలో పెట్టాడు.

పన్నెండో రోజు తల్లిదండ్రుల్ని పిలిచారు. కౌన్సిలరుతో మాట్లాడాలన్నారు. కౌన్సిలరంటే వార్డు మెంబరనుకుని బ్రహ్మాజీ ఉతికిన చొక్కా వేసుకుపోయాడు. తీరా చూస్తే జయరాజు అని చిన్న కుర్రాడు, మెడలో ఐడీ కార్డు, చేతిలో రాసుకునే పుస్తకం. ఆయన ఓట్లు అడగలేదు, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మొట్టమొదట ఎక్కడ, ఎప్పుడు?

కోటిబాబు బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. "నాన్నవాళ్ల ఫిల్లింగ్ షెడ్డులో. ఎనిమిదో తరగతి దసరా సెలవుల్లో."

కోపంగా అని ఉంటే బ్రహ్మాజీ ఏదో ఒకటి అందుకుని ఉండేవాడు. ఏడుస్తూ అంటే తనూ ఏడ్చేవాడు. అంత మామూలుగా చెప్పేసరికి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. గోడ మీది ఫ్యాను స్విచ్చుల్ని లెక్కబెట్టాడు. ఆరున్నాయి. ఒకటి పగిలి ఉంది.

ఫిల్లింగ్ షెడ్డు సంగతి చెప్పుకోవాలి. భూమిలోంచి వచ్చిన నాపరాయికి గుంటలూ బొక్కలూ సన్నపు పగుళ్లూ ఉంటాయి. పాలిష్‌కి ఎక్కించేముందు వాటిల్లో రంగు కలిపిన గమ్ముముద్ద కూరాలి. దాన్నే ఫిల్లింగ్ అంటారు. కాలనీలో 'పిల్లింగు' అంటారు, అదే సరైన మాటేమో, ఎందుకంటే చేసేది పిల్లలే. పగుళ్లలోకి పెద్దవాళ్ల మొద్దు వేళ్లు దూరవు. అందుకని ఆదివారాలూ సెలవులూ వస్తే ఐదారుగురు బడిపిల్లలు ఆ రేకుల షెడ్డులో కూర్చుని ముద్ద కూరుతారు. ముద్ద గట్టిపడకుండా థిన్నరు కలుపుతారు. డబ్బా మీద థిన్నరు అని ఇంగ్లీషులో ఉంటుంది. తిన్నారు అని తెలుగులో చదువుకున్నా పెద్ద తప్పు లేదు. తడి మీద దుమ్ము పడితే ఫిల్లింగ్ చెడుతుంది, చుట్టూ ఉన్నవన్నీ దుమ్ము ఫ్యాక్టరీలే, అందుకని తలుపూ కిటికీ మూసి పని చేయిస్తారు. లంచ్‌కి తలుపు తీస్తే పిల్లలు నవ్వుకుంటూ తూలుకుంటూ బయటికొస్తారు. ఫిల్లింగోళ్లకి ఫీలింగొచ్చిందిరోయ్ అని బయట పెద్దవాళ్లు నవ్వుతారు. ఆ జోకు కట్టింది బ్రహ్మాజీయే. బాగా పేలింది, ఏళ్ల తరబడి పేలుతూనే ఉంది.

కొడుకుని ఆయనే పెట్టాడు. ఆ ఏడు సాగర్ కుడికాలవలో ఈతకి పోయి ఒక పిల్లాడు కొట్టుకుపోయాడు. ఇంకొందరు స్టేషన్ పక్కన పేకాటల దగ్గర దొరికారు. సెలవుల్లో పిల్లాణ్ణి ఊరి మీద వదిలితే పాడవుతాడు, పనిలో పెడితే కళ్లముందుంటాడు అని కాలనీలో అందరూ అనుకునేదే ఆయనా అనుకున్నాడు. కళ్లముందే ఉన్నాడు. మిషను నుంచి షెడ్డుకి పది అడుగులు. మధ్యలో తలుపు.

"ఇప్పుడు కూడా ఆ షెడ్డుకి పిల్లలు వస్తుంటారాండీ?" అని అడిగాడు జయరాజు, రాసుకుంటూ.

సెలవులకి వస్తారన్నాడు బ్రహ్మాజీ. ఎవరు తెస్తారని జయరాజు అడగలేదు. అడిగి ఉంటే, తెచ్చేది మేస్త్రి, మేస్త్రి అంటే నేనే, అని చెప్పాల్సి వచ్చేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇన్నేళ్లలో తను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిపించిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకోబోయాడు. తొమ్మిదో పేరు దగ్గర ఆపేశాడు. బాధ వస్తుందని ఆపలేదు. బాధ రావడం లేదని ఆపాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఒకటే. ఆదివారాలు పనికి పోవడం మానేశాడు. చెయ్యి బాగాలేదని చెప్పాడు. షెడ్డు ఆగలేదు, ఆయన చూడ్డం ఆగింది.

నలభై ఐదు రోజులకి కోటిబాబు ఇంటికొచ్చాడు. ఒళ్లు చేశాడు, నెమ్మదించాడు, మందుల వల్ల మాట కొంచెం ఆలస్యంగా వచ్చేది. కాలనీకి అది పంతులు నెమ్మదిలా కనిపించింది. మంగళవారం మంగళవారం నరసరావుపేట పోయి చూపించుకుని, మందులు తెచ్చుకుని, జయరాజుతో గంట మాట్లాడి రావాలి. ఈ డీయెడ్డుకి వారానికి ఒక్కరోజే క్లాసంట అని కాలనీ సర్దుకుంది. దారిన పోయేవాళ్లు "మేష్టారూ" అని పలకరించేవాళ్లు. మొదట్లో వాడు ఆ పిలుపుకి వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్నో అనుకుని. తర్వాత చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. చిన్న పిల్లలు లెక్కల పుస్తకాలు పట్టుకొచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు. వాడు భిన్నాలు చెప్పేవాడు. లవం పైన, హారం కింద. రోశమ్మ మనవడి పక్కనే కూర్చుని, ఏమీ వినపడకపోయినా తల ఊపేది.

దసరా సెలవులకి ముందు ఆదివారం పొద్దున వనజ వచ్చింది. కొత్త చొక్కాకి గుండీలు కుట్టుకుంటూనే వచ్చి గడప దగ్గర కూర్చుంది. ఆనంద్ బాబుని షెడ్డులో పెట్టమని ఆమె మూడు నెలలుగా అడుగుతోంది, బ్రహ్మాజీ చూద్దాం చూద్దాం అంటున్నాడు. ఈసారి అడగడానికి రాలేదంది. రెండు వారాల క్రితమే తను నేరుగా ఫ్యాక్టరీ యజమాని వెంకటప్పయ్యని అడిగిందట. ఆయన సరేనన్నాడట. రెండాదివారాలు పోయొచ్చాడట. రేపట్నుంచి సెలవులు గనక రోజూ పోతాడు, మేస్త్రి మావయ్య వెంట పోతేనే నాకు ధైర్యం, అది చెప్పడానికొచ్చానంది.

"మన కాలనీలో ఇంకో ఆరుగురు కూడా తెస్తన్నారన్నయ్యా. నేనే చెప్పా. కోటిబాబు కూడా అక్కడ కూర్చుని ముద్ద కూరినోడే గదా, ఇయ్యాళ ఎట్టా అయ్యాడో చూడండే అన్నా. పనిలో ఉంటే పిల్లకాయలకి ఒద్దిక వస్తది."

వనజ దారం కొరికింది.

"మావాడికప్పుడే వచ్చిందన్నయ్యా ఒద్దిక. షెడ్డు నుంచి వచ్చాక తనలో తనే నవ్వుకుంటా కూచుంటాడు. అన్నం కూడా అడగడు. అంత అలుపు."

లోపల నాగవేణి చేతిలో అట్లకాడ ఆగింది. ఆ మాటలు ఆ ఇంట్లో ఇదివరకు ఒకసారి అన్నవే. ఐదేళ్ల క్రితం, ఇదే గడప దగ్గర, ఆమే అంది, మొగుడితో, మురిపెంగా.

వనజ పోయాక బ్రహ్మాజీ బండి తీసుకుని వెంకటప్పయ్య ఇంటికి పోయాడు. షెడ్డు తలుపులు తీసి పని చేయించాలనీ, పిల్లల్ని ఆపి పెద్దవాళ్లని పెట్టాలనీ చెప్పాడు. ఎందుకని ఆయన అడిగాడు. థిన్నరు వాసన పిల్లలకి మంచిది కాదన్నాడు బ్రహ్మాజీ. అంతవరకే చెప్పగలిగాడు. వెంకటప్పయ్య చెడ్డవాడేం కాదు, నవ్వాడు. తలుపు తీస్తే దుమ్ము, పెద్దవాళ్లని పెడితే పగుళ్లు, ఏది కావాలో నువ్వే చెప్పమన్నాడు. ఇన్నేళ్లుగా పిల్లల్ని తెచ్చింది నువ్వే గదా, ఎవరికన్నా ఏమన్నా అయిందా అని అడిగాడు. మీ వాడే మేష్టారయ్యాడే అన్నాడు. బ్రహ్మాజీ, అయితే వస్తానండీ అని వచ్చేశాడు.

ఇంటికొచ్చి నాగవేణితో చెప్పాడు, రేపు అందరికీ నిజం చెప్పేస్తానని. ఆమె గుండిగ బోర్లించి, దాని మీద కూర్చుంది.

"వాసన మంచిది గాదని చెప్పి ఊరుకో," అంది.

"చెప్పా. నవ్వాడు. వనజ అంతకంటే నవ్వుద్ది. మన వాణ్ణి చూపిస్తది."

"నువ్వు చెప్పేది చెప్తావు. సాయంత్రానికి వాడి పేరేందో తెలుసా? ఇప్పుడు మేష్టారూ అంటన్నారు. ఆ పిలుపు వినే పొద్దున మంచం దిగతన్నాడు. మందుల వల్ల కాదు, నే చూస్తన్నాగా. అది కూడా పీకేస్తే వాడు మళ్లీ ఆ బస్టాండుకి పోతే ఏం జేస్తావు?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఒక పక్క కొడుకు, ఇంకో పక్క ఎవరెవరివాళ్లో ఏడుగురు కొడుకులు. తూకం వేద్దామంటే తక్కెడ పట్టుకునే చేతికి స్పర్శ లేదు. బావురుమంటే బాగుండేది. బావురు రాలేదు, ఆవలింత వచ్చింది.

కోటిబాబు పెరట్లో బట్టలారేస్తున్నాడు. బ్రహ్మాజీ పోయి దండెం అవతలివైపు నిలబడ్డాడు. మధ్యలో తడి దుప్పటి. ఎదురుగా మొహం కనపడకపోవడం ఇద్దరికీ సుఖంగానే ఉంది. వనజ చెప్పిందంతా చెప్పాడు. రేపు ఏడుగురు వస్తున్నారని చెప్పాడు. అమ్మ ఏమందో కూడా దాచకుండా చెప్పాడు. చెప్పి, చెప్పొచ్చా అని అడిగాడు.

దుప్పటి అవతల ఒక క్లిప్పు పెట్టిన చప్పుడైంది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు కోటిబాబు.

"నేను చెప్తా. అవునన్నది నేనేగా."

"ఆనంద్ గాడికి పొద్దున్నే తల నొప్పి వస్తందేమో అడుగు నాన్నా. వస్తంటే ఇంకా మొదట్లోనే ఉన్నట్టు. నాకు మొదట్లో వచ్చేది. తర్వాత రాలేదు."

"నీకు భయంగా లేదా?"

"తెలవట్లా," అన్నాడు కోటిబాబు. "ఏదీ తెలవట్లా నాన్నా ఇప్పుడు. జయరాజు సారు, వస్తది లే నెమ్మదిగా, అంటాడు."

సెలవుల్లో పనికొచ్చే పిల్లలు నేరుగా ఫ్యాక్టరీకి పోరు. పొద్దున ఏడున్నరకి మేస్త్రి వాకిట్లో చేరి ఆయన బండి వెనక నడుస్తూ పోవడం అక్కడి పద్ధతి. తల్లులు వాకిలిదాకా వచ్చి, టిఫిన్ బాక్సు చేతికిచ్చి, మేస్త్రికి అప్పజెప్పి పోతారు. సోమవారం పొద్దున ఏడుగురు పిల్లలూ, వాళ్ల తల్లులూ, ఇద్దరు తండ్రులూ, డ్యూటీకి పోతూ ఆగిన మౌలాలీ, అరుగు మీద రోశమ్మ, గుమ్మంలో నాగవేణి. కోటిబాబు వచ్చి తండ్రికి కొంచెం వెనగ్గా నిలబడ్డాడు. ఎవరో మేష్టారూ అన్నారు, వాడు చెయ్యెత్తాడు.

బ్రహ్మాజీ బండి తియ్యలేదు.

"మీకొకటి చెప్పాలి," అన్నాడు. "మావాడు చదివింది డీయెడ్డు కాదు."

"మరి బీయెడ్డా?" అన్నాడు మౌలాలీ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"డీఅడిక్షన్. మత్తు మానిపించే ఆసుపత్రి. నలభై ఐదు రోజులు అందులో ఉండాడు. మంగళవారం పోయేది క్లాసుకి కాదు, మందులకి. మే నెలలో తగిలింది వడదెబ్బ కాదు. బిళ్లలు మింగి పడిపోయాడు."

మౌలాలీ మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉంది. ఆ రోజు ఫోనులో నీరజ అన్న మాటేమిటో, తన తల్లి విన్న మాటేమిటో, టీకొట్టు దగ్గర తను అవునని ఎలా అన్నాడో బ్రహ్మాజీ వరసగా చెప్పాడు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. రాయి సైజులు చెప్పే గొంతు అది. చెప్తున్నది తన ఇంటి సంగతే అయినా పక్కవీధి సంగతిలా వినపడింది ఆయనకే.

ఏదో జరుగుతోందని రోశమ్మకి అర్థమైంది గానీ ఏమిటో తెలియలేదు. ఏందంట, ఏమంటన్నాడు అని పక్కవాళ్లని గోకింది. ఎవరూ చెప్పలేదు. కోటిబాబు అరుగు దగ్గరికి పోయి, ఆమె ఎడమ చెవికి దగ్గరగా వంగి, వీధి చివరికి వినపడేలా చెప్పాడు. మామ్మా, నాకు మత్తు అలవాటైంది, దాన్ని మానిపించడానికి ఆసుపత్రిలో పెట్టారు, నేను పంతుల్ని కాను. రెండోసారి కూడా చెప్పాల్సొచ్చింది. మొదటిసారి వినని ఇళ్లవాళ్లు రెండోసారికి బయటికొచ్చి విన్నారు.

"నేను విన్నది తప్పారా అయితే?" అంది రోశమ్మ కొడుకు వైపు చూసి.

"నువ్వు విన్నావు. అవునన్నది నేనమ్మా," అన్నాడు బ్రహ్మాజీ. అని, తల్లుల వైపు తిరిగాడు. "వీడికి ఆ అలవాటు బస్టాండులో రాలేదు. మన షెడ్డులో వచ్చింది. ఆ థిన్నరు దగ్గర. మీ పిల్లలంత ఉన్నప్పుడు. నేనే పెట్టా. తలుపేసింది కూడా నేనే. వాళ్లు నవ్వుతా బయటికొస్తంటే మనం కూడా నవ్వాం గదా. అది అలుపు కాదు వనజా. పనిలో పెడితే బాగుపడతారని వీణ్ణి చూపించి ఎవరూ చెప్పొద్దు. వీడు అక్కడే చెడ్డాడు."

అందరూ కోటిబాబు వైపు చూశారు. నాగవేణి గుమ్మం పట్టుకుని కొడుకు వైపు కాక, చూసేవాళ్ల వైపు చూస్తోంది, ఎవరి మొహం ఎలా మారుతుందో ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంటున్నట్టు. ఒకావిడ కొడుకు భుజం మీద చెయ్యి వేసి కోటిబాబుకి దూరంగా లాక్కుంది. బ్రహ్మాజీ అది చూశాడు. ఏమీ అనిపించలేదు, చూశాడంతే.

వనజ మాత్రం కదల్లేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది.

"జూన్‌లో."

"మూడు నెల్లు నీ గడపలో కూచుని అడిగా నిన్ను. చూద్దాం అన్నావు."

"అన్నా."

"చూద్దాం అన్నావు అన్నయ్యా," అంది మళ్లీ, ఇంకేం అనాలో దొరకనట్టు.

వనజ కొడుకు రెండు అరచేతులూ లాక్కుని వాసన చూసింది. పక్కావిడ కూడా తన కొడుకు చేతులు పట్టుకుంది. ఇంకో ఆవిడ కూడా. వాకిలంతా తల్లులు పిల్లల చేతులు మొహానికి ఆనించుకుని నిలబడ్డారు. పిల్లలు ఇబ్బందిగా నవ్వుతూ ఒకర్నొకరు చూసుకుంటున్నారు.

"చేతులకి తెలవదత్తా, సబ్బుతో పోద్ది," అన్నాడు కోటిబాబు. మాట ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. "చొక్కా కాలరు చూడు. షెడ్డుకి తొడుక్కుపోయింది, ఉతక్కముందు."

ఆనంద్ బాబు అదే చొక్కాలో ఉన్నాడు. వనజ వంగి కాలరు పట్టుకుంది. థిన్నరు వాసన అందులో ఉంది. తర్వాత తల ఎత్తి, ఇప్పుడేం చెయ్యాలి అన్నట్టు కోటిబాబు వైపు చూసింది.

ఏం చెయ్యాలో వాడు చెప్పాడు. అరిస్తే దాచడం నేర్చుకుంటారు, అరవొద్దన్నాడు. పొద్దున్నే తల నొప్పి వస్తోందా అని ఆనంద్ బాబునే అడిగాడు, వాడు తల ఊపితే, అయితే ఇంకా తొందరగానే తెలిసినట్టు లే అన్నాడు. రేపు మంగళవారం, తను ఎనిమిది గంటల బస్సుకి పోతాడు, కావాలంటే వాణ్ణి కూడా పంపమన్నాడు, చూసి పంపేస్తారు, బెడ్డు అవసరం రాదన్నాడు. ఇంకో తల్లి, ఇందాక కొడుకుని దూరంగా లాక్కున్న ఆవిడే, ఆ మందుబిళ్లలు చూడ్డానికి ఎట్టా ఉంటాయని అడిగింది. వాడు చెప్పాడు. ఇంట్లో ఏం వెతకాలో అడిగింది ఇంకొకావిడ. అదీ చెప్పాడు. ఎవరేది అడిగినా, లవం పైన హారం కింద అన్నంత నెమ్మదిగా, దాచకుండా చెప్పాడు.

వీధి చివరి ఇంటాయన అప్పుడే వచ్చి, ఏంది ఇక్కడ గుంపు, మేష్టారికి పోస్టింగొచ్చిందా అని అడిగాడు. కాదు, వాడు మేష్టారే కాదంట అని మౌలాలీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.